అట్టపెట్టెతో మొదలుపెట్టండి: ఇంట్లోనే చిన్న కంప్యూటర్ క్యాబినెట్ చేసుకోవడం ఎలా

మన ఇళ్లలో డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనే అంటాం. టేబుల్ కింద మోకాలికి తగులుతూ, వెనకంతా బూజు పట్టి ఉండే ఆ డబ్బా మూత తీసి చూస్తే లోపల ముప్పాతిక వంతు ఖాళీయే. విడిగా గ్రాఫిక్స్ కార్డు, డీవీడీ డ్రైవు పెట్టుకునేవాళ్లు ఇప్పుడు తక్కువ. వాటి కోసం వదిలిన చోటు మాత్రం అలాగే ఉండిపోయింది. బజార్లో చిన్న క్యాబినెట్లు లేకపోలేదు గానీ, సైజు తగ్గేకొద్దీ రేటు పెరగడం అక్కడి లెక్క.

అందుకే నేను ఇంట్లోనే చేసుకున్నాను. పొడవు 245, లోతు 200, ఎత్తు 136 మి.మీ. మొత్తం 6.7 లీటర్లు, అంటే పెద్ద టిఫిన్ క్యారియర్‌కి కాస్త అటూఇటూ. ఫ్రేముకు అల్యూమినియం యాంగిల్, గోడలకు సైన్‌బోర్డుల వాళ్లు వాడే ఏసీపీ షీటు, వెనక భాగానికి పాత క్యాబినెట్ నుంచి కోసిన రేకు. చేతిలో డ్రిల్, హ్యాక్‌సా, ఆకురాయి, రివెట్ గన్, స్టీలు స్కేలు ఉంటే చాలు. వెల్డింగ్ అక్కర్లేదు. రెండు ఆదివారాలు మాత్రం ఖాళీ పెట్టుకోండి.

ముందు సామాన్లు, తర్వాతే పెట్టె

డిజైన్ గీసుకుని దానికి సరిపోయే సామాన్లు వెతకడం మొదలుపెడితే పని తెమలదు. ముందు మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా), ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ కొని టేబుల్ మీద పెట్టుకోండి. కొలతలు అవే చెబుతాయి.

బోర్డు మినీ ఐటీఎక్స్ తీసుకోండి. 2001లో వయా కంపెనీ తెచ్చిన ఈ సైజు 170 మి.మీ. చదరం. ప్రాసెసర్ ఏదైనా గ్రాఫిక్స్ లోపలే ఉన్నది కావాలి. నాది రైజెన్ 5 5600జీ. దానితో పాటు వచ్చే కూలర్ ఎత్తు 54 మి.మీ., ఈ పెట్టెకు అది చాలు. ఎస్ఎంపీఎస్ మామూలుది పనికిరాదు. దాని వెడల్పు 150, ఎత్తు 86, లోతు దాదాపు 140 మి.మీ., సగం పెట్టె అదే మింగేస్తుంది. ఎస్ఎఫ్ఎక్స్ రకం అడగండి. అది 125 వెడల్పు, 63.5 ఎత్తు, 100 లోతు.

ఇప్పుడు లెక్క. బోర్డు అడుగున పడుకుంటుంది, దాని పక్కన ఎస్ఎంపీఎస్ నిలువుగా నిలబడుతుంది. 170కి 63.5 కలిపితే 233.5. ఫ్రేము మందం, చెయ్యి ఆడటానికి కాస్త ఖాళీ కలిపితే 245. లోతుకు బోర్డు 170, ముందు వైపు వైర్లు వంగడానికి 30. ఎత్తు నిర్ణయించేది నిలబడ్డ ఎస్ఎంపీఎస్: 125, పైన కాస్త ఊపిరి, మొత్తం 136. బోర్డు వైపు చూస్తే స్టాండాఫ్ (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తిపట్టే చిన్న ఇత్తడి కాలు) 6.5, బోర్డు మందం 1.6, సాకెట్టూ ప్రాసెసరూ కలిసి 7 దాకా, ఆపైన కూలర్ 54. అడుగు నుంచి 70 దగ్గర ఆగుతుంది. మిగిలిన చోట్లో 25 మి.మీ. మందమున్న 120 మి.మీ. సైజు ఫ్యాను మూతకు బిగించినా, ఫ్యానుకూ కూలర్‌కూ మధ్య 4 సెంటీమీటర్లు మిగులుతుంది.

మీ కూలర్ వేరేదైతే ఈ అంకెలు మారతాయి. నావి అచ్చంగా దించకండి.

అట్టపెట్టె

ఈ మెట్టు దాటేయాలనిపిస్తుంది. నేనూ దాటేశాను. మొదటిసారి కాగితం మీదే లెక్కలన్నీ వేసుకుని నేరుగా అల్యూమినియం కోశాను. ఫ్రేము బాగా వచ్చింది, బోర్డు కూర్చుంది, ఎస్ఎంపీఎస్ కూర్చుంది. ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చే 24 పిన్నుల వైరు గుచ్చి చూస్తే ముందు గోడ పెట్టడానికి లేదు. ఆ వైరు కట్ట బొటనవేలంత లావు, కొత్తది కాబట్టి కర్రలా బిగుసుకుని ఉంది. సాకెట్ నుంచి బయటికొచ్చి మలుపు తిరగడానికి దానికి కనీసం మూడు సెంటీమీటర్లు కావాలి, నేను వదిలింది ఒకటి. ఆ ఫ్రేము ఇప్పుడు మా బాల్కనీలో తులసి కుండీకి స్టాండు.

వస్తువుల కొలతలు ఎవరైనా రాసిస్తారు. వైర్లు ఎంత చోటు తింటాయో ఎవరూ రాయరు. అది తెలియాలంటే కొరియర్ అట్టపెట్టెను కోసి, అసలు సైజులో ఒక డబ్బా చేసి, అన్నీ లోపల పెట్టి, ప్రతి వైరూ గుచ్చి, మూత వేసి చూడటమే దారి. నొక్కకుండా మూత పడితే కొలత సరిపోయినట్టు. ఉబ్బితే ఉబ్బిన వైపు 10 మి.మీ. పెంచి మళ్లీ చేయండి. అట్టే కదా, పోయేదేముంది.

ఇదే సమయంలో బోర్డును దాని అట్టడబ్బా మీద పెట్టి ఒకసారి ఆన్ చేసి చూసుకోండి. స్విచ్ అక్కర్లేదు. ముందు వైపు కనెక్షన్ల పిన్నుల్లో 6, 8 నంబర్లను స్క్రూడ్రైవర్ మొనతో క్షణం పాటు కలిపితే లేస్తుంది. నంబర్లు బోర్డు మాన్యువల్లో చూసుకుని మరీ ముట్టుకోండి. బోర్డే చెడిపోయి వచ్చిందని పెట్టె అంతా బిగించాక తెలిస్తే కలిగే బాధ వేరు.

కొనుగోళ్లు

మాకు దగ్గర సికింద్రాబాద్ రాణీగంజ్. మీ ఊళ్లో కిటికీలు, పార్టిషన్లు చేసే అల్యూమినియం షాపు ఏదైనా సరే. అర అంగుళం యాంగిల్, మందం 1.5 మి.మీ. ఉన్నది అడగండి. పెట్టెకు పన్నెండు అంచులు, మొత్తం 2.3 మీటర్లు, ఏడున్నర అడుగుల పైచిలుకు. సాధారణంగా 12 అడుగుల బద్దగా అమ్ముతారు. మిగిలింది దాచుకోండి, ఒకటో రెండో ముక్కలు తప్పు కోయడం ఖాయం.

షాపులో మిల్లీమీటర్లు నడవవు. అక్కడంతా అంగుళాలు, సూత్‌లు. అంగుళానికి ఎనిమిది సూత్‌లు, ఒక సూత్ అంటే 3 మి.మీ. పైచిలుకు. నేను 245, 200, 136 అని చదివితే కోసే అబ్బాయి టేపు వంక, నా వంక చూసి "ఏందన్నా, చేపల తొట్టికా?" అన్నాడు. తొమ్మిది అంగుళాల ఐదు సూత్‌లు, ఏడు అంగుళాల ఏడు సూత్‌లు, ఐదు అంగుళాల మూడు సూత్‌లు అని చెప్పాక ఐదు నిమిషాల్లో మిషన్ మీద కోసిచ్చాడు. ఒక్కోటి నాలుగేసి ముక్కలు. పొడవు, లోతు ముక్కల చివర్లు 45 డిగ్రీల ఏటవాలుగా కోయించండి, నిలువు ముక్కలు నేరుగా. ఇంట్లో హ్యాక్‌సాతో ఆ ఏటవాలు సరిగ్గా రాదు.

ఏసీపీ కోసం సైన్‌బోర్డుల షాపుకి వెళ్లండి. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే షీటు అది, 3 మి.మీ.ది తీసుకోండి. వాళ్ల దగ్గర తుక్కు ముక్కలు కుప్పగా ఉంటాయి. మనకు కావాల్సిన పెద్ద ముక్కే 245 బై 200. పైన ప్లాస్టిక్ పొర తేలిగ్గా ఊడుతోందో లేదో అక్కడే మూల గీకి చూడండి. ఎండలో పడి ఉన్న ముక్కలకు ఆ పొర అతుక్కుపోయి గోళ్లు విరిగినా రాదు.

మూడోది పాత క్యాబినెట్. పాత సామాన్లు కొనే షాపులో కిలోల లెక్కన దొరుకుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఇత్తడి స్టాండాఫ్‌లు, పుష్ బటన్లు విడిగా దొరుకుతాయి గానీ, పాత డబ్బా కొంటే అవీ దాంతోనే వచ్చేస్తాయి. స్విచ్, దాని వైరు, ఎల్ఈడీలు, గుప్పెడు స్క్రూలు, అన్నీ.

వెనక భాగం, అసలు పని ఇక్కడే

ఏసీపీ ఉండగా పాత రేకెందుకు? బోర్డు వెనక యూఎస్బీ, హెచ్డీఎంఐ సాకెట్ల చుట్టూ వచ్చే ఐఓ షీల్డు 158.75 బై 44.45 మి.మీ. రంధ్రంలో క్లిక్‌మని కూర్చోవాలి. అది ఒక మిల్లీమీటరు మందం రేకుకోసం చేసినది, 3 మి.మీ. ఏసీపీని పట్టుకోదు. షీల్డు లేకుండా పెట్టినా ఆ మందం అడ్డొచ్చి హెచ్డీఎంఐ పిన్ను పూర్తిగా దిగదు. పైగా ఆ రంధ్రం బోర్డుకు ఎంత ఎత్తులో, ఎంత పక్కకు ఉండాలన్నది అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఏడిపిస్తుంది. పాత క్యాబినెట్లో ఈ లెక్కంతా ఫ్యాక్టరీలోనే తేలిపోయింది. మినీ ఐటీఎక్స్ బోర్డు నాలుగు రంధ్రాలూ పెద్ద ఏటీఎక్స్ బోర్డు రంధ్రాల్లోవే కాబట్టి పాత ట్రేలో, అంటే బోర్డు బిగించే రేకు మీద, అలాగే కూర్చుంటుంది.

అందుకని ట్రేను, వెనక గోడను విడదీయకుండా, రెండూ కలిసి ఉన్న ఎల్ ఆకారం ముక్కగా కోయండి. ముందు బోర్డును ట్రే మీద బిగించి, చుట్టూ మార్కర్‌తో గీత గీసి, బోర్డు తీసి దూరంగా పెట్టేయండి. గీతకు 3 మి.మీ. అవతల కోసి, ఆకురాయితో గీత దాకా రండి. గ్రైండర్ ఉంటే పని తొందరగా అవుతుంది, కళ్లద్దాలు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు. రేకు అంచు బ్లేడులా ఉంటుంది, చేతులకు తోలు గ్లౌజులు వేసుకోండి.

ట్రేలో పాత బోర్డు కోసం పెట్టిన స్టాండాఫ్‌లు ఇంకా ఉండొచ్చు. మీ బోర్డు రంధ్రాల కిందికి వచ్చే నాలుగు ఉంచి మిగతావి తీసేయండి. ఒక్కటి మరిచిపోయినా అది బోర్డు అడుగున టంకం చుక్కలకు తగిలి షార్ట్ అవుతుంది.

పాత క్యాబినెట్ దొరక్కపోతే రంధ్రాలు మీరే గుర్తు పెట్టాలి. అప్పుడొక విషయం గుర్తుంచుకోండి: ఆ నాలుగు రంధ్రాలు చతురస్రం కాదు. వాటిలో ఒకటి మిగతా వరసకంటే దాదాపు 23 మి.మీ. లోపలికి ఉంటుంది. నెట్లో దొరికే డ్రాయింగు ప్రింటు తీయిస్తే జిరాక్స్ షాపులో పేజీకి సరిపడా కుదించి ఇస్తారు, మూడు నాలుగు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. నూటికి నూరు శాతం సైజులో తీయమని చెప్పి, అక్కడే స్కేలు పెట్టి 170 ఉందో లేదో చూసుకుని డబ్బులివ్వండి. అంతకంటే బోర్డునే తెల్ల కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో రంధ్రాలు గుర్తు పెట్టుకోవడం నయం.

ఎస్ఎంపీఎస్ వెనక గోడకు పాత క్యాబినెట్ పక్క తలుపు నుంచి ఇంకో ముక్క కోయండి. వైరు గుచ్చే సాకెట్, స్విచ్ బయటికి కనబడేలా కిటికీ, నాలుగు స్క్రూ రంధ్రాలు. ఇక్కడ వాడే స్క్రూలు ముతక త్రెడ్‌వి, ఎస్ఎస్డీకి (ఫైళ్లు దాచే డ్రైవు) వాడే సన్న త్రెడ్ ఎం3 స్క్రూలు ఇక్కడ పట్టవు. ఎస్ఎంపీఎస్‌ను నిలబెట్టేటప్పుడు దాని ఫ్యాను పక్క గోడ వైపు ఉండాలి, బోర్డు వైపు కాదు. అది బయటి గాలి పీల్చుకోవాలి, ప్రాసెసర్ వదిలిన వేడి కాదు. దాని డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు ఉండిపోతుంది.

ఫ్రేము, గోడలు

ఏటవాలుగా కోసిన ముక్కలతో రెండు చట్రాలు వస్తాయి, కిందిది, పైది. నాలుగు నిలువు ముక్కలు మూలల్లో లోపలి వైపు నిలబడతాయి. చట్రం అంచు బయట, నిలువు ముక్క లోపల, రెండింటినీ కలిపి ఒక్కో పక్క ఒక్కో రివెట్. ఎనిమిది మూలలు, పదహారు రివెట్లు. 3.2 మి.మీ. లావు రివెట్లే వాడండి, షాపులో సూత్ రివెట్ అంటే ఇస్తారు. ఫ్రేముకు 6 మి.మీ. పొడవువి, ఏసీపీ బిగించడానికి 8 మి.మీ.వి. రంధ్రం పెట్టే చోట ముందు మేకుతో చిన్న గుంట కొట్టండి, లేకపోతే డ్రిల్ మొన అల్యూమినియం మీద జారి గీత పడుతుంది. నాలుగు మూలలూ రివెట్ చేసే ముందు ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు.

ఏసీపీ కోయడం సులువు. స్టీలు స్కేలు పెట్టి కట్టర్‌తో నాలుగైదుసార్లు గట్టిగా గీయండి, తిప్పి అదే గీత మీద వెనక వైపూ గీయండి, టేబుల్ అంచుకు పెట్టి వంచితే విరుగుతుంది. ముందు గోడ, పక్క గోడలు, అడుగు రివెట్లతో. మూత మాత్రం స్క్రూలతో, రేపు తెరవాలి కదా. 1.5 మి.మీ. అల్యూమినియంలో నేరుగా స్క్రూ దింపితే నాలుగుసార్లు తెరిచేసరికి త్రెడ్ పోతుంది. ఫ్రేము లోపల వైపు చిన్న ఎం3 నట్లు అరాల్డైట్‌తో అతికించి ఒక రాత్రి వదిలేయండి.

రివెట్ తోక లోపలికి కొన్ని మిల్లీమీటర్లు పొడుచుకొస్తుంది. ఎస్ఎంపీఎస్ ఆనే చోట రివెట్ పడకుండా చూసుకోండి.

గాలి విషయంలో జనం రకరకాలుగా చెబుతారు. నా అభిప్రాయం ఇది: ఈ కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదుతుంది. మూత ఫ్యాను కూడా లోపలికి ఊదితే రెండూ ఒకే దారిన పనిచేస్తాయి. బయటికి లాగేలా పెడితే ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. వేడి గాలి బయటికి పోవడానికి ముందు గోడలోనూ, బోర్డు వైపు పక్క గోడలోనూ వరసగా 5 మి.మీ. రంధ్రాలు పెట్టండి. ఎస్ఎంపీఎస్ ఫ్యాను ఎదురుగా ఉన్న గోడలో ఏసీపీకి పెద్ద కిటికీ కోసి, చిల్లుల రేకు బిగిస్తే మేలు. 120 ఫ్యాను స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ. గాలి లోపలికి వెళ్లే ప్రతి చోటా కిటికీలకు వేసే దోమల మెష్ ముక్క అతికించండి. దుమ్ము ఒక్కటే అయితే తుడుచుకోవచ్చు. వెచ్చగా ఉండే డబ్బాలోకి చీమలు, బల్లులు కూడా వస్తాయి.

ఎర్త్ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు

ఇది ఇనుప డబ్బాలాగా అన్నీ కలిసిపోయిన పెట్టె కాదు. ఏసీపీ మీద రంగు ఉంటుంది. మెరిసే అల్యూమినియం యాంగిల్ చాలాసార్లు అనోడైజ్ చేసినదై ఉంటుంది, ఆ పొర కరెంటును పోనివ్వదు. అంటే చూడటానికి అంతా లోహమే అయినా ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ సంబంధం లేకపోవచ్చు. లోపల ఏ వైరో ఊడి గోడకు తగిలితే ఆ కరెంటు ఎర్త్‌లోకి పోయే దారి ఉండాలి.

ఎస్ఎంపీఎస్ స్క్రూలు పడే చోట, ఫ్రేము కీళ్ల దగ్గర, గోడల రివెట్ల కింద ఎమెరీ పేపరుతో లోహం కనబడేదాకా గీకండి. మల్టీమీటర్‌ను బీప్ కొట్టే చోట పెట్టండి. పవర్ కేబుల్‌ను ఎస్ఎంపీఎస్‌కు గుచ్చి, రెండో చివర గోడ సాకెట్‌లో పెట్టకుండా, ప్లగ్‌లోని లావు పిన్నుకు ఒక మొన, పెట్టెలో ఒక్కో ముక్కకు రెండో మొన ఆనించి చూడండి. ప్రతిచోటా బీప్ రావాలి. నాకు మూత దగ్గర రాలేదు, ఒక చిన్న వైరుతో దాన్ని ఫ్రేముకు కలిపాను. ఇదంతా అయ్యాక గోడ సాకెట్లో ఎర్త్ నిజంగా ఉందా అన్నది ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు.

బిగింపు

బోర్డు లోపలికి వెళ్లే ముందు పెట్టెను బయటికి తీసుకెళ్లి బోర్లించి తట్టండి, బ్రష్‌తో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అయస్కాంతం తిప్పితే ఇనుప రజను వస్తుంది గానీ అల్యూమినియం రజను రాదు. మూలల్లో సెల్లోటేపు అతికించి లాగితే వచ్చేస్తుంది. బోర్డు లోపల ఉండగా ఇంకొక్క రంధ్రం అనిపించినా డ్రిల్ తీయకండి.

ఐఓ షీల్డు, బోర్డు, ఎస్ఎంపీఎస్, వైర్లు, చివరగా ఫ్యాను, ఈ వరసలో బిగించండి. ప్రాసెసర్ కరెంటు వైరు బోర్డు దింపకముందే గుచ్చుకుంటే మంచిది, తర్వాత వేళ్లు దూరవు. పవర్ స్విచ్ వైర్లు ఎటు గుచ్చినా పనిచేస్తుంది, ఎల్ఈడీ మాత్రం తిరగేస్తే వెలగదు. ఎస్ఎస్డీని ఎస్ఎంపీఎస్ ముందున్న ఖాళీలో పెట్టండి.

మూత వేసి, ఏదైనా పెద్ద వీడియో కన్వర్ట్ చేయడానికి పెట్టి అరగంట చూడండి. సాయంత్రం కాదు, మధ్యాహ్నం, ఏసీ ఆపి. మే నెలలో ఇల్లు ఎంత కాగుతుందో ఆ రోజే తెలియాలి. ప్రాసెసర్ వేడి 80 డిగ్రీల దగ్గర నిలకడగా ఆగితే దిగుల్లేదు. 90 దాటి ఎక్కుతూనే ఉంటే మూత తీసి మళ్లీ చూడండి. తీయగానే గబగబా దిగితే గాలి దారి చాలట్లేదు, పక్క గోడలో ఇంకో రెండు వరసలు రంధ్రాలు పడాలి. అంటే బోర్డు మళ్లీ బయటికి రావాలి. మూత తీసినా దిగకపోతే కూలర్ సరిగ్గా కూర్చోలేదు.

నాది ఇప్పుడు టీవీ కింద అరలో ఉంది. వెనక నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ వదిలాను. మెష్ నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో దులుపుతాను. అమ్మ దాని మీద రిమోట్లు పెట్టడం మాత్రం ఇంకా మానలేదు, ఫ్యాను పైనే ఉందని ఎన్నిసార్లు చెప్పినా.